పెంగ్విన్ల గదిలో చలి ఆగిన రోజు

ఆర్మూర్‌లో గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లను ఎవరూ వింతగా చూడరు. ప్రతి వాడకట్టులోనూ నలుగురైదుగురు ఉంటారు. తాపీ పని చేసినవాళ్లు, లారీలు నడిపినవాళ్లు, ఒంటెలు కాసినవాళ్లు. అక్కడ నువ్వేం పని చేశావని నన్ను అడిగినవాళ్లు మాత్రం జవాబు విన్నాక ఒకసారి నా ముఖంలోకి చూస్తారు. పెంగ్విన్లు ఉండే గదిని చల్లగా ఉంచే పని చేశానంటాను, అదీ ఎడారిలో.

నా భార్యకు ఇది చెప్పుకోవడం మరీ కష్టంగా ఉండేది. పెంగ్విన్ అంటే ఎవరికీ తెలియదని, "మా ఆయన నీళ్లకోళ్ల కాడ పని చేస్తడు" అని చెప్పేది. దాంతో నేను కోళ్ల ఫారంలో ఉన్నానని వాడకట్టంతా అనుకుంది. ఒకసారి సెలవు మీద వస్తే, పసుపు అమ్ముకుని వస్తున్న ఒక పెద్దాయన నన్ను బస్టాండులో ఆపి, అక్కడ గుడ్డు ధర ఎంతుందని అడిగాడు.

ఇప్పుడు ఆ పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాను. ఏసీ పని నేర్చుకుని బయటి దేశం పోదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. వీసా సంగతి, గదుల సంగతి, తిండి సంగతి అడుగుతారు. తెలిసినంత చెప్తాను. కానీ ఎన్నేళ్లు చేసినా మనిషికి గుర్తుండిపోయే రోజులు కొన్నే ఉంటాయి. నాకు ఉన్నది ఒకటి. అది తలుచుకుంటే ఇవాళ్టికీ గుండె మీంచి బరువు దిగినట్టే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

నేను పని నేర్చింది ఐస్ ఫ్యాక్టరీలో. అమ్మోనియా వాసనలో, తడి పొట్టులో, మంచు దిమ్మల మధ్య. అక్కడి నుంచి గల్ఫ్‌కు పోయి మొదట్లో పెద్ద పెద్ద భవనాల మీద ఏసీలు బాగు చేశాను. ఎండలో డాబా మీద రెంచీ పట్టుకుంటే చెయ్యి కాలేది. ఒకనాడు మా కంపెనీ నన్ను సముద్రం ఒడ్డున ఉన్న ఒక అక్వేరియానికి పంపింది. సముద్రపు జీవాలను అద్దాల వెనక పెట్టి జనానికి చూపించే చోటు అది. అక్కడ నాకు రెండు పనులు. భవనానికి ఒక కొసన పెంగ్విన్ల గది. దాన్ని మంచు కరగనంత చల్లగా ఉంచాలి. రెండో కొసన సముద్రపు తాబేళ్ల తొట్లు. వాటి నీళ్లు గోరువెచ్చగా ఉంచాలి. ఒకే మనిషి రోజూ పొద్దున ఉన్ని కోటు వేసుకుని ఒక గదిలోకి పోయి, కాసేపటికి కోటు విప్పి చెమట తుడుచుకుంటూ ఇంకో గదిలోకి పోవాలి.

పెంగ్విన్ల బాధ్యత చూసే ఆమె ఫిలిప్పీన్స్ మనిషి. మా అక్క వయసుంటుంది. ఏదో చిన్న దీవిలో చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్లం. ఆమె హిందీ, నా ఇంగ్లీషు రెండూ కుంటివే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. గదులు కడిగి, తొట్లు తోమి, చేపల డబ్బాలు మోసే పనిలో మన భీమ్‌గల్ పిల్లవాడొకడు ఉండేవాడు. పిల్లవాడు అంటున్నాను కానీ అప్పటికే ఇద్దరు బిడ్డల తండ్రి. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. తెలుగులో మాట్లాడుకోవడానికి ఆ భవనంలో మేమిద్దరమే.

మొదటి వారంలోనే నేను నవ్వులపాలయ్యాను. పెంగ్విన్లు తలలు విదిలిస్తున్నాయి, ముక్కు కొసల నుంచి నీటి బొట్లు కారుతున్నాయి. జలుబు చేసిందనుకున్నాను. నేను పెట్టిన చలే ఎక్కువైందని గాభరాపడి మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. నా నల్ల కోటు చేతి మీద ఒక పెంగ్విన్ విదిలించిన బొట్లు ఎండి తెల్లగా మరకలు కట్టాయి. వాటిని వేలితో చూపించింది. అది ఉప్పు. ఎండాకాలం మార్కెట్లో బస్తాలు మోసే హమాలీల చొక్కాల వీపు మీద పేరుకుంటుందే, అట్లాంటి తెల్లటి ఉప్పు. సముద్రంలో బతికే పక్షికి తాగడానికి మంచినీళ్లు ఎక్కడివి? చేపతోపాటు ఉప్పునీళ్లూ మింగుతుంది. కంటి పైన ఉండే గ్రంథి ఆ ఉప్పును రక్తంలోంచి వేరు చేసి, ముక్కు మీదుగా బయటికి పంపేస్తుంది. ఆ సంగతి చెప్పి, చలికి జలుబు చేసే పెంగ్విన్‌ను నేనింతవరకు చూడలేదని మేడమ్ నవ్వింది. తర్వాత చాలా రోజులు నేను కనిపిస్తే చాలు, ముక్కు తుడుచుకుంటున్నట్టు నటించేది.

తాబేళ్ల సంగతి మరోలా ఉండేది. అక్కడ కూడా చలికాలం వస్తుంది. సముద్రం చల్లబడినప్పుడు చిన్న తాబేళ్లు కదల్లేక అలలకు కొట్టుకొస్తాయి. డిప్పల నిండా గుల్లలు అతుక్కుని, రాళ్లలాగ ఒడ్డున పడి ఉంటాయి. ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి మాకు అప్పగించేవారు. పెంగ్విన్ తన వేడిని తానే పుట్టించుకుంటుంది, దాన్ని పోనివ్వకుండా ఈకల కింద దాచుకుంటుంది. తాబేలుకు ఆ శక్తి లేదు. చుట్టూ నీళ్లు ఎట్లా ఉంటే దాని ఒళ్లు అట్లా ఉంటుంది. అందుకే గోరువెచ్చటి తొట్టి. రోజుకు కొంచెం కొంచెంగా వేడి పెంచుతుంటే ఒకనాటికి ముందరి రెక్క కదిలేది. కాలు అనాలేమో, కానీ ఈదుతున్నప్పుడు చూస్తే పక్షి రెక్క ఆడించినట్టే ఉండేది. వాటి కళ్ల నుంచి కూడా ఎప్పుడూ చిక్కటి నీళ్లు కారేవి. అది కూడా ఉప్పు దించుకోవడమేనని నేను చెప్తే భీమ్‌గల్ తమ్మి ఒప్పుకునేవాడు కాదు. ఇల్లు యాదికొచ్చి ఏడుస్తున్నాయనేవాడు. నేను వాదించేవాణ్ని కాదు. అప్పటికి వాడు ఇంటికి పోక మూడో ఏడు.

ఇక ఆ రోజు సంగతి.

మంచి ఎండాకాలం. మా ఇంజనీరు కేరళలో ఇంటికి సెలవు మీద పోయాడు. పోతూ పోతూ, భయపడకు, ఒక చిల్లర్ ఆగితే రెండోది ఉంది కదా అని నా భుజం తట్టాడు. చిల్లర్ అంటే గదులకు చలిని తయారుచేసే పెద్ద మిషన్. మా దగ్గర అవి రెండున్నాయి, నిజమే. కానీ లోపలి వేడినంతా లాగి బయట పారెయ్యడానికి ఆ రెండూ సముద్రపు నీళ్లే వాడుకుంటాయి. ఆ నీళ్లు ఒడ్డున ఉన్న ఒకే సిమెంటు బావిలోకి వచ్చి, అక్కడి నుంచి పంపులతో లోపలికి వస్తాయి. ఒకే బోరు మీద రెండు మోటార్లు పెట్టి, మాకు రెండున్నాయని ధీమాగా ఉండే రైతులాంటి వాళ్లం మేము.

మధ్యాహ్నం ముందు, జనం బాగా ఉన్నప్పుడు మొదటి చిల్లర్ ఆగింది. రెండోదాన్ని పెట్టాను. అది ఆవులించినట్టు ఒక్క చప్పుడు చేసి ఆగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. మీటర్లు చూస్తే బయటి నుంచి నీళ్లే రావడం లేదు.

పెంగ్విన్ల గదికి పరుగెత్తి మేడమ్‌కు చెప్పాను. ఆమె ఒక్క మాట కూడా వృథా చేయలేదు. జనాన్ని బయటికి పంపించింది. దీపాల వేడి కూడా వేడేనని అన్నీ ఆర్పించింది. తలుపులు మూయించింది. అప్పుడు నేను అద్దంలోంచి పక్షుల్ని చూశాను. కొన్ని రెక్కలు ఒంటికి దూరంగా చాచి నిలబడ్డాయి. కొన్ని నోళ్లు తెరుచుకున్నాయి. మామూలుగా అవి అట్లా నిలబడవు. ఒంటినిండా పెంకుటింటి మీద పెంకుల్లాగ ఒకదాని మీద ఒకటి పరుచుకున్న ఈకలు, వాటి కింద గాలి పొర, దాని కింద కొవ్వు. మంచు సముద్రంలో ప్రాణం కాపాడే ఆ దుప్పటిని ఇప్పుడు విప్పి పక్కన పెట్టడం వాటి చేతిలో లేదు. వేడిని వదలడానికి వాటికి మిగిలింది రెక్కలు, పాదాలు, నోరు మాత్రమే.

గదిలోని కొలను నీళ్లు గాలి అంత తొందరగా వేడెక్కవు. మేడమ్ పక్షుల్ని ఒక్కొక్కటిగా నీళ్లలోకి తోలింది. నీళ్లలో పడగానే అవి మారిపోయాయి. ఒడ్డున తప్పటడుగులు వేసే పక్షి, లోపల బాణంలాగ పోతుంది. ఎగిరే పిట్టల ఎముకలు బోలుగా ఉంటాయి. వీటివి గట్టివి, బరువైనవి. మునగడానికి ఆ బరువే కావాలి.

కానీ నాలుగైదు పెద్ద పెంగ్విన్లు గోడవారన కదలకుండా నిలబడ్డాయి. అవి ఈకలు రాల్చే కాలంలో ఉన్నాయి. పెంగ్విన్ తన ఈకలన్నీ ఒక్కసారే మారుస్తుంది. పాతవి కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే కింద కొత్తవి మొలుస్తాయి. ఆ కొన్ని వారాలు తిండి ముట్టదు, నీళ్లలో దిగదు. ఒళ్లు సగం తెరిచిన బొంతలా ఉండి, నీరు లోపలికి దూరుతుంది. వాటిని కొలనులోకి తోయడం కుదరదు. తోయకపోతే పాత కోటు, కొత్త కోటు రెండూ వేసుకుని ఎండాకాలంలో నిలబడ్డట్టు. ఆమె వాటిని చేపలు కరగబెట్టే చల్లటి గదిలోకి నడిపించింది. చిన్న గది, దాని మిషన్ వేరు. పక్షులూ మనుషులూ తలుపు తీస్తూ వేస్తూ ఉంటే అదెంతసేపు నిలుస్తుందో ఎవరికీ తెలియదు.

మేనేజరు ఫోన్ చేసి, వేరే చోటికి తరలించడానికి ఏసీ లారీని పిలిపిస్తున్నానన్నాడు. సాయంత్రానికి వస్తుందట. ఈకలు రాలుస్తున్నవి ప్రయాణాన్ని తట్టుకోవని మేడమ్ అతనికి చెప్పింది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, నీళ్లు తీసుకురా అంది. అంతే అంది.

తమ్మిని వెంటబెట్టుకుని ఒడ్డున ఉన్న బావి దగ్గరికి పోయాను. బయట ఎండ మన సిద్ధులగుట్ట రాళ్ల మీద ఏప్రిల్ మధ్యాహ్నం నిలబడ్డట్టు ఉంది. బావి మూత తీసి చూస్తే నీళ్లు కనబడలేదు. తెల్లటి జావ. ఉడికిన సగ్గుబియ్యాన్ని కుండలకు కుండలు కుమ్మరించినట్టు, జెల్లీఫిష్‌లు. సముద్రం మీద మంద కట్టి వచ్చి, గొట్టంలో నుంచి బావిలోకి కొట్టుకొచ్చి, పంపు ముందు ఉండే ఇనుప బుట్టను మూసేశాయి. చెత్త లోపలికి పోకుండా అడ్డుకునే జల్లెడ లాంటిది ఆ బుట్ట. దాన్ని గొలుసుతో పైకి లాగి, కడిగి, దించితే చాలు. కారణం ఇంత చిన్నదైనందుకు నాకు ఒక్క క్షణం ఊపిరాడింది.

గొలుసు లాగాం. బుట్ట అంచు నీళ్లపైకి వస్తుండగా ఆ జావలో పసుపు, నలుపు చారలు కదిలాయి.

తమ్మి గొలుసు వదిలేసి వెనక్కి దూకాడు. "పామన్నా," అన్నాడు. "దగ్గరికి పోకు. పాము గది."

మనం పొలాల్లో పెరిగినవాళ్లం. పసుపు తవ్వేటప్పుడు కొమ్ముల కింద నుంచి పాము రావడం నేను చూశాను. భయం కొత్త కాదు. కానీ ఇది చేతులు పెట్టి కడగాల్సిన బుట్ట. తమ్మి ఇనుప కడ్డీ ఎత్తాడు.

"జర ఆగు తమ్మీ."

"ఇంకెంతసేపు ఆగాలె? ఆడ పిట్టలు సస్తున్నయ్. ఒక్క దెబ్బకు అయిపోతది."

వాడు చెప్పింది తప్పనిపించలేదు. అయినా మేడమ్‌కు ఫోన్ చేశాను. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి ఆమె. తోక ఎట్లా ఉందని అడిగింది. చూశాను. మన పాములకు లాగ సన్నగా కొనదేలి లేదు. తెడ్డు కొసలాగ, పక్కలకు నొక్కేసినట్టు చదునుగా ఉంది. సముద్రపు పామే, విషం మామూలుగా ఉండదు, చెయ్యి పెట్టకండని చెప్పింది. కొట్టవద్దని కూడా చెప్పింది. కొడితే అది చావకుండా బుట్ట లోపలికి దూరుతుంది, అప్పుడు మీ చేతులు ఎక్కడ పెడతారని అడిగింది. దానికి చేపలాగ మొప్పలు లేవు, మనలాగ ఊపిరితిత్తే, ఒంటి పొడుగునా ఉంటుంది. మునిగినప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది, కానీ ఎంతసేపున్నా చివరికి గాలి కోసం పైకి రావాల్సిందే. మీరు బుట్టను సగం పైకి లేపి ఆపండి, అది తలెత్తుతుంది, దానికి కావాల్సింది గాలి, మీరు కాదు అంది. తర్వాత బుట్టను ఆరిన నేల మీద ఒంపండి, దూరంగా నిలబడండి అంది. నేల పామును నడిపించే వెడల్పాటి పొట్ట పొలుసులు దానికి లేవట. నేల మీద అది మిమ్మల్ని తరమలేదంది.

ఫోన్ పెట్టేసి ఇదంతా తమ్మికి చెప్పాను.

"తరమదని ఆమె అన్నది," అన్నాడు వాడు. "పాముకు ఎర్కేనా గా ముచ్చట?"

ఆ ఎండలో, ఆ భయంలో నాకు నవ్వొచ్చింది. నేను నవ్వేసరికి వాడూ కడ్డీ కింద పెట్టి గొలుసు పట్టుకున్నాడు.

బుట్టను సగం లేపి ఆపాం. ఆ క్షణాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. లోపల చిన్న గదిలో తలుపుకు ఆనుకుని నిలబడ్డ పక్షులే కళ్ల ముందు కదిలాయి. ఇంత ఆగడం అవసరమా, కొట్టేస్తే పోయేది కదా అని ఒక మనసు. అప్పుడు జావలోంచి చిన్న తల ఒకటి బయటికి వచ్చింది. నోరు తెరవలేదు, బుస కొట్టలేదు. ముక్కు పైకి పెట్టి అట్లాగే ఉండిపోయింది. దాని పక్కలు ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నాయి. ఎంతసేపటి నుంచి కింద ఇరుక్కుందో పాపం. నాకు తెలియకుండానే నేను కూడా గట్టిగా ఊపిరి వదిలాను.

పూర్తిగా లేపి బుట్టను గచ్చు మీద ఒంపాం. జెల్లీఫిష్‌లతోపాటు అదీ జారి పడింది. మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. తెడ్డు తోకతో నేలను కొడుతోంది, ఒళ్లు మెలితిప్పుతోంది, కానీ ఒక మూర కూడా ముందుకు జరగడం లేదు. తమ్మి పొడుగు కట్టె ఉన్న వలతో దాన్ని నింపాదిగా తోసి, సగం నీళ్లు పోసిన నీలం డ్రమ్ములోకి దించి మూత పెట్టాడు. అప్పుడు గానీ వాడు ముఖం మీది చెమట తుడుచుకోలేదు.

బుట్ట కడిగాం. చేతికి తొడుగులున్నా జెల్లీఫిష్ తగిలిన చోట మోచేతుల మీద మంటలు లేచాయి. దించి పంపు వేస్తే నీళ్లు వచ్చాయి. కానీ మంద ఇంకా వస్తూనే ఉంది, బుట్ట మళ్లీ నిండుతుంది. అందుకని తమ్మి బావి దగ్గర వలతో తోడుతూ కూర్చున్నాడు, నేను లోపలికి పోయి ఒక్క చిల్లర్‌నే, తక్కువ భారం మీద మెల్లగా లేపాను. అది తడబడింది, దగ్గింది, తర్వాత నిలకడగా పాడటం మొదలుపెట్టింది. ఆ చప్పుడు కంటే మంచి చప్పుడు నేను జీవితంలో రెండే విన్నాను, రెండూ నా పిల్లలు పుట్టినప్పుడు.

గది చల్లబడటం గోడ మీది అంకెల్లో కంటే ముందు పక్షుల్లోనే కనబడింది. కొలనులోంచి ఒకటి ఒడ్డుకెక్కింది, ఇంకొకటి ఎక్కింది. చాచిన రెక్కలు ఒంటికి దగ్గరయ్యాయి. మేడమ్ చేపల గది తలుపు తీసింది. ఊడిన ఈకల కుచ్చులు వేలాడేసుకుని, పెళ్లిలో అన్నం దొరకని చుట్టాల్లాగ ముఖాలు పెట్టుకుని, పెద్ద పెంగ్విన్లు వరసగా నడిచి వచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు. పోయి ఎవరి చోట్లో అవి గోడవారన నిలబడ్డాయి. మేడమ్ మంచు మీదే కూర్చుండిపోయి ముఖం మీద చేతులు పెట్టుకుంది. అవి కన్నీళ్లా, ఉప్పు దించుకోవడమా అని నేను అడగలేదు. తర్వాత ఆమే చెయ్యి చాచింది, లేపమని.

లారీ వద్దని మేనేజరుకు ఫోన్ చేశాం. ఆయన ఒకటికి రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, అయితే రేపు గది తెరవచ్చు కదా అన్నాడు. పెద్దవాళ్ల ఆలోచనలు పెద్దవాళ్లవి. ఇంజనీరు తిరిగొచ్చాక బావికి ముందు ఇంకో వల కట్టించి, గాలికి వేడి వదిలే చిన్న మిషన్ ఒకటి విడిగా పెట్టించాడు. రెండు అంటే నిజంగా రెండు అయింది.

పిల్లలు ఇది విని, అంటే నువ్వే కాపాడావా తాతా అంటారు. కాదు. ఏ జీవానికి ఏది కావాలో తెలిసిన మనిషి ఒకామె ఉంది, ఆమె మాట విన్నవాళ్లం ఇద్దరం ఉన్నాం. నాకు తెలిసింది చలి ఒక్కటే. చలి ఎవరికి ఎంత, ఎందుకు అన్నది ఆమెకు తెలుసు. మీరు ఏ దేశం పోయినా, మిషన్ గురించి అడిగేముందు అది ఎవరి కోసం తిరుగుతుందో అడగండి.

ఆ రోజు పొద్దు వాలుతుండగా సముద్రం కాస్త శాంతించింది, మంద పక్కకు కొట్టుకుపోయింది. మేం ముగ్గురం నీలం డ్రమ్మును మోసుకుని పడవలు ఆగే చెక్క వంతెన చివరిదాకా పోయాం. మేడమ్ మమ్మల్ని వెనక్కి నిలబెట్టి, కట్టెతో డ్రమ్మును నీళ్లలోకి ఒరిగించింది. మధ్యాహ్నం గచ్చు మీద కొట్టుకున్న పాము అదేనా అనిపించింది. నీళ్లు తగలగానే ఒళ్లంతా ఒకే మెలికలో సాగింది, తెడ్డు తోక రెండుసార్లు ఊగింది, అంతే, మా కాళ్ల కింది నుంచి లోతుకు దిగిపోయింది.

"అగో," అన్నాడు తమ్మి మెల్లగా. "మస్తు పోతున్నదన్నా."

కాసేపటికి చాలా దూరంలో నీటి మీద చిన్న తల ఒకటి తేలింది, గాలి తీసుకుంది, మళ్లీ మునిగింది. మేడమ్ కట్టె దులిపి, పక్షులకు చేపలు పెట్టే వేళయిందంది. ఖాళీ డ్రమ్మును తమ్మి నెత్తిన పెట్టుకున్నాడు. ముగ్గురం వెనక్కి నడిచాం.